గోధుమపైరుకు పగవారిద్దరు

ప్రాచీన రోమకులు ఏటేట ఏప్రిల్ నెల 25వ తేదీన ఒక పండుగ చేసెడివారు. ఆనాడు రొబిగస్ అను దేవతకు ఒక కుక్కను బలియిచ్చి, తమ గోధుమచేల జోలికి రావలదని ప్రార్థించెడివారు. ఇతర దేవతలను రమ్మని వేడుకొందురు. ఈ దేవతను మాత్రము రావలదని వేడుకొనిరి. రొబిగస్ పైరులకు పట్టు తుప్పునకు అధిదేవత. కంకులు పాలుపోసుకొను సమయమున పచ్చని పైరుపై ఎఱ్ఱని పొడి కనబడినచో, ఆ యేటి పంటపై ఆశ వదలుకొనవలసినదే.

ఇనుమునకు పట్టు తుప్పువలె నుండుటచే పాశ్చాత్యులు ఈ తెగులునకు తుప్పు అని పేరిడిరి. తెలుగున దీనిని కుంకుమ తెగులు అందురు. తెగులు పట్టిన చేలో నడచినవాని కాళ్లకు, బట్టలకు ఎఱ్ఱని పొడి అంటుకొనును. పేరు శుభప్రదము, పని మాత్రము అశుభము.

కుంకుమ తెగులును కలిగించునది ఒక శిలీంధ్రము. పుట్టగొడుగులును, నిలువయున్న రొట్టెపై పట్టు బూజును దీనికి బంధువులే. కాని ఒక భేదము కలదు. బూజు చచ్చిన పదార్థముపై బ్రతుకును. ఇది ప్రాణమున్న మొక్కపైననే బ్రతుకగలదు. ఈ భేదమును మఱచిపోరాదు. తెగులును ఎదుర్కొను రహస్యము దీనియందే కలదు. శిలీంధ్రపు సిద్ధబీజములు మిక్కిలి సూక్ష్మమైనవి. అవి గాలిలో తేలివచ్చి ఆకుపై వ్రాలును. రాత్రి మంచు కురిసి ఆకు తడిసినచో మొలకెత్తి, సన్నని దారమువంటి తంతువును చాచును. ఆ తంతువు పత్రరంధ్రముగుండ లోనికి దూరి, కణములలోనికి పీల్చుగొట్టములవంటి వేళ్లను దింపి, మొక్క తన గింజకొఱకు కూర్చుకొను ఆహారమును త్రాగివేయును. పది పదునైదు దినములలో ఆకు పైపొర చిట్లి చిన్న బొబ్బ తేలును. ఒక్కొక్క బొబ్బలో వేలకొలది క్రొత్త సిద్ధబీజములుండును. గాలి వీచినంతనే అవి లేచిపోయి ప్రక్క మొక్కలపై వ్రాలును. ఇట్లు ఒక పంటకాలములో అనేక తరములు గడచును. కోతనాటికి రైతునకు మిగులునవి ముడుచుకొనిపోయిన తాలు గింజలు.

ఈ తెగులు మూడు విధములు. కాండముపై ఇటుకరంగు మచ్చలతో మొదలై తుదకు నల్లబడునది నల్ల కుంకుమ తెగులు. ఆకులపై కపిలవర్ణపు చుక్కలుగా కనబడునది రెండవది. పసుపువన్నె చారలుగా ఏర్పడునది మూడవది. పసుపు తెగులు చలిని కోరును. నల్లనిది వేడిమిని కోరును. కపిలవర్ణపుది ఆ రెంటికిని నడుమ నుండును. కావున గోధుమ పండు ప్రతి ప్రాంతమునకు ఈ మూటిలో ఏదో యొకటి తగినదై యుండును.

భారతదేశమున ఈ తెగులు చేసిన నష్టము తక్కువది కాదు. 19వ శతాబ్ది పూర్వార్ధమున నర్మదాలోయలో ఉద్యోగము చేసిన స్లీమన్ అను ఆంగ్లేయుడు, మైళ్లకొలది వ్యాపించిన గోధుమచేలు దీనివలన నాశనమగుట కన్నులార చూచి వ్రాసియున్నాడు. 1946-47లో మధ్యభారతమున నల్ల కుంకుమ తెగులు విజృంభించి సుమారు ఇరువది లక్షల టన్నుల గోధుమను హరించెను. అప్పటికి మహాయుద్ధము ముగిసి ఎంతో కాలము కాలేదు. తిండిగింజలకు దేశమంతటను కటకటగా నుండెను. అట్టి దినములలో ఇరువది లక్షల టన్నులనగా ఎన్ని కుటుంబముల కూడో ఊహింపవచ్చును.

ఈ తెగులు విషయమున ఒక చిక్కుప్రశ్న శాస్త్రజ్ఞులను చాలకాలము బాధించెను. ఉత్తరభారత మైదానములలో గోధుమ కోత ఏప్రిల్ నెలతో ముగియును. పిమ్మట వచ్చు మండువేసవికి తాళలేక సిద్ధబీజములన్నియు నశించును. చేలో బ్రతికిన మొక్కయు లేదు, మొక్కను పట్టిన తెగులును లేదు. అయినను మరుసటి పైరు ఏపుగా పెరుగుచుండ తెగులు మరల ప్రత్యక్షమగును. అది ఎచ్చటనుండి వచ్చుచున్నది? ఐరోపా, అమెరికా ఖండములలో బార్బెరీ అను ముండ్లపొద నల్ల తెగులునకు ఆశ్రయమిచ్చుచున్నట్లు కనుగొనిరి. హిమాలయములలోను బార్బెరీ కలదు. కాని మనదేశమున దోషము దానిది కాదని నిరూపించినవాడు ఆగ్రా కళాశాలలో ఆచార్యుడుగా నుండిన కరమ్ చంద్ మెహతా.

మెహతా 1923లో ఈ పరిశోధన ప్రారంభించి, జీవితమంతయు దానికే ధారపోసెను. వేసవిలో గోధుమమొక్క ఎచ్చట పచ్చగా నిలుచునో వెదకుచు పోయెను. పర్వతప్రాంతములలో వేసవియందును చల్లగా నుండును. అచ్చటి రైతులు వేరు ఋతువులో వేయు గోధుమపైను, కోతలో రాలిన గింజలనుండి తమంతట మొలచిన మొక్కలపైను తెగులు సుఖముగా కాలము గడపుచుండుట ఆయన చూచెను. ఉత్తరమున హిమాలయములు, దక్షిణమున నీలగిరి, పళని కొండలు ఈ తెగులునకు వేసవి విడుదులని ఆయన పరిశోధనలవలన తేలినది. జిగురు పూసిన గాజుపలకలను గాలికి నిలిపి వానిపై వ్రాలిన సిద్ధబీజములను లెక్కించి, ఇవి గాలివాటున మైదానములకు దిగివచ్చుచున్నవని ఆయన చూపెను. కుంకుమ తెగులువలన దేశమునకు ఏటేట ఆరుకోట్ల రూపాయల నష్టము కలుగుచున్నదని ఆయన అంచనా వేసెను. అది ఆకాలపు రూపాయి అని గుర్తుంచుకొనవలెను.

మెహతా గతించిన పిదప, 1970 తరువాతి సంవత్సరములలో, నాగరాజన్, సింగ్ అను శాస్త్రజ్ఞులు మరియొక ముడి విప్పిరి. నవంబరు మాసమున బంగాళాఖాతములో పుట్టు కొన్ని తుపానుల గాలులు నీలగిరి, పళని కొండల మీదుగా సాగి, అచ్చటి నల్ల తెగులు సిద్ధబీజములను ఎత్తుకొని మధ్యభారతమునకు పోవును. దారిలో వాన కురియగా అవి చినుకులతోపాటు లేత గోధుమపైరుపై పడును. కోస్తా రైతు కోతకు వచ్చిన వరిని తలచుకొని ఏ తుపానునకు గడగడలాడునో, అట్టి తుపానే వందలకొలది మైళ్ల దూరమున గోధుమరైతునకు మరియొక రీతిగా కీడు మూటగట్టి పంపవచ్చును.

కొండలపై కొన్ని సంవత్సరములపాటు వేసవి గోధుమను మానిపించినచో తెగులునకు నిలువ నీడ లేకపోవునని మెహతా సూచించెను. సూచన తర్కబద్ధమైనదే. కాని అన్ని కొండలలోని అందరు రైతులచేత ఒక పంటను మానిపించుట మాటలతో నగు పని కాదు. మందులు చల్లుట వేరొక మార్గము. నేడు మంచి మందులే కలవు గాని వానికి ఖర్చు అధికము. తగిన సమయమునకు చల్లనిచో ప్రయోజనమును ఉండదు. కావున శత్రువును తరుముటకంటె మొక్కనే బలపరచుట మేలని శాస్త్రజ్ఞులు తలంచిరి.

దీనికి త్రోవ చూపినవాడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన రోలండ్ బిఫెన్. ఆయన పసుపు తెగులును తట్టుకొను గోధుమను, తట్టుకొనలేని గోధుమతో సంకరము చేసెను. మొదటి తరపు మొక్కలన్నిటికి తెగులు పట్టెను. మరియొకరైనచో నిరాశచెంది అంతటితో విడిచిపెట్టియుందురు. బిఫెన్ వాని గింజలను మరల విత్తగా, రెండవ తరమున సుమారు నాలుగింట ఒకవంతు మొక్కలు తెగులునుండి తప్పించుకొనెను. మెండెల్ బటానీలలో కనుగొనిన సూత్రమే ఇచ్చటను పనిచేయుచున్నదని 1905లో ఆయన ప్రకటించెను. కంటిరంగువలె, ఎత్తువలె, తెగులును తట్టుకొను శక్తియు తరతరములకు సంక్రమించు గుణమే యని దీనివలన తేలినది. సంక్రమించు గుణమును ఒక వంగడమునుండి మరియొక దానికి మార్చవచ్చును.

అదే 1905లో బీహారులోని పూసా గ్రామమున వ్యవసాయ పరిశోధనాలయము స్థాపింపబడెను. ఆల్బర్ట్ హోవర్డ్, ఆయన భార్య గాబ్రియెల్ అచ్చట దేశీయ గోధుమలనుండి శ్రేష్ఠమైన వానిని ఏరి పెంపొందించిరి. కాని తెగుళ్లకు లొంగని గోధుమను సాధించుట బెంజమిన్ పియరీ పాల్ వంతు అయ్యెను. పాల్ 1933లో పూసాలో ప్రవేశించెను. మరుసటి సంవత్సరమున సంభవించిన మహాభూకంపములో పరిశోధనాలయపు భవనము కూలిపోయెను; 1936లో సంస్థ ఢిల్లీకి తరలిపోయెను. పాల్ తన పని మానలేదు.

ఆ పని ఎట్టిదో కొంత తెలిసికొనవలెను. గోధుమపువ్వు తనంతట తానే ఫలించును. బయటి పుప్పొడికొఱకు ఎదురుచూడదు. కావున తల్లిగా నెన్నుకొన్న మొక్క కంకిలోని ప్రతి పువ్వును సన్నని పట్టకారుతో విప్పి, అందలి మూడు కేసరములను అవి పండకముందే తీసివేయవలెను. ఒక్కటి మిగిలిపోయినను శ్రమ వ్యర్థమే. పిమ్మట ఆ కంకికి కాగితపు సంచి తొడిగి, రెండు మూడు దినములైన తరువాత తండ్రిమొక్క పుప్పొడిని దానిపై చల్లి, మరల సంచి తొడుగవలెను. ఇంత చేసిన పిమ్మట ఒక కంకినుండి లభించునవి కొలది గింజలు. వానిని విత్తి, రెండవ తరమున వేల మొక్కలను పెంచి, వానిపై తెగులును బుద్ధిపూర్వకముగా అంటింతురు. చేలచుట్టు సులభముగా తెగులు పట్టు మొక్కలను నాటి, సిద్ధబీజములను చల్లి, రోగమును విందునకు పిలిచినట్లు పిలుతురు. అందు ఆరోగ్యముగా నిలిచిన మొక్కల గింజలను మాత్రమే మరల విత్తుదురు. గుణములు స్థిరపడుటకు ఏడెనిమిది తరములు పట్టును. పొలములలో పరీక్షలు ముగిసి రైతుచేతికి అందునప్పటికి పది పండ్రెండేండ్లు కావచ్చును.

పాల్ విషయమున ఆ కాలము ఇంకను ఎక్కువయైనది. మూడు తెగుళ్లను తట్టుకొను శక్తి ఏ యొక్క గోధుమయందును లేకుండుటచే, వేరువేరు గోధుమలలోని గుణములను ఒకచోట చేర్చవలసివచ్చెను. 1954లో ఎన్.పి. 809 అను వంగడము వెలువడెను. అది మూడు కుంకుమ తెగుళ్లను తట్టుకొనగలిగెను. ఆ 1954లోనే నీలగిరులపై వెల్లింగ్టన్‌లో ఢిల్లీ పరిశోధనాలయమునకు ఒక శాఖ ఏర్పడెను. తెగులు ఏడాది పొడుగున నివసించు చోటనే మొక్కలను పరీక్షించుట దాని యుద్దేశము.

ఇంతటితో కథ ముగిసినచో ఎంతో బాగుండెడిది. కాని శిలీంధ్రమునకును తరములు కలవు; అవి మొక్క తరములకంటె త్వరితముగా గడచును. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు స్టాక్‌మన్, పైకి ఒక్కటిగా కనబడు నల్ల తెగులులో అనేక జాతులున్నవనియు, ఒక గోధుమను ఏమియు చేయలేని జాతి ప్రక్కన దానినే నాశనము చేయగల జాతి యుండవచ్చుననియు చూపెను. మొక్కలోని రక్షణ సామాన్యముగా ఇట్లుండును: శిలీంధ్రపు తంతువు లోనికి దూరినంతనే, మొక్కలోని ఒక జన్యువు పగవానిని గుర్తించి, దూరినచోటి కణములను చంపివేయును. ప్రాణమున్న కణముపైననే బ్రతుకగల శిలీంధ్రము ఆహారము లేక అచ్చటనే నశించును. మొక్క కొన్ని కణములను బలియిచ్చి తాను బ్రతుకును. కాని కోటానుకోట్ల సిద్ధబీజములలో ఎక్కడో యొకటి కొంచెము మార్పు చెంది, ఆ జన్యువు గుర్తింపజాలని రూపము ధరింపవచ్చును. అంతట కావలివాడు మేలుకొనియుండగనే దొంగ వేషము మార్చి లోపల ప్రవేశించును. దేశమంతటను ఒకే వంగడము పరచుకొనియున్నచో ఆ దొంగకు ప్రతి యింటి తలుపును తెరచియున్నట్లే.

ఇది పలుమారులు జరిగినది. 1960 తరువాత జపానుదేశపు పొట్టిగోధుమ నోరిన్ 10 గుణమును గ్రహించి నార్మన్ బోర్లాగ్ మెక్సికోలో సృష్టించిన వంగడములు మనదేశమునకు వచ్చెను. పొడుగైన పాతగోధుమలు ఎరువు ఎక్కువైన ఒరిగిపడెడివి, ఇవి నిలువగలిగెను. ఎం. ఎస్. స్వామినాథన్ మొదలగు శాస్త్రజ్ఞుల కృషివలన 1964-65లో ఒక కోటి ఇరువది లక్షల టన్నులుగా నుండిన గోధుమపంట 1967-68లో ఒక కోటి అరువదియైదు లక్షల టన్నులను చేరెను. మెక్సికో విత్తనమునుండి మనవారు ఏరిన కల్యాణ్ సోనా ఉత్తరదేశపు చేలనిండ వ్యాపించెను. కొలది సంవత్సరములకే, 1970 తరువాత, కపిలవర్ణపు తెగులు దానిని లొంగదీసికొనెను. పిమ్మట 1995లో వచ్చిన పి.బి.డబ్ల్యు. 343 పంజాబు, హర్యానా ప్రాంతములలో రైతుల మన్నన పొంది, అదే విధముగా విస్తరించి, అదే విధముగా పసుపు తెగులుకు లోబడెను.

అన్నిటికంటె పెద్ద హెచ్చరిక ఆఫ్రికానుండి వచ్చినది. రై అను ధాన్యమునుండి గోధుమలోనికి తెచ్చిన ఎస్.ఆర్. 31 అను జన్యువు నల్ల తెగులును ఎన్నో యేండ్లు ఆపినది. ప్రపంచమున అనేక వంగడములు దానినే నమ్ముకొని యుండెను. 1998లో ఉగాండాలోని పరీక్షాక్షేత్రమున ఆ జన్యువునకు లొంగని నల్ల తెగులు కనబడెను. దానికి ఉజి 99 అని పేరు వచ్చెను. అది కెన్యా, ఇథియోపియా దేశములు దాటి, 2006లో యెమెన్‌లోను, 2007లో ఇరాన్‌లోను కనబడెను. తొంబదియవ పడిలోనున్న బోర్లాగ్ 2005లో దేశదేశముల ప్రభుత్వములను మేలుకొలిపెను. అప్పటినుండి భారతదేశము మొదలగు అనేక దేశముల గోధుమలను కెన్యాలోని న్జోరో అను చోట, ఆ తెగులు నడుమనే విత్తి పరీక్షించుచున్నారు.

ఈ ఓటములనుండి శాస్త్రజ్ఞులు ఒక పాఠము నేర్చిరి. ఒకే బలమైన జన్యువును నమ్ముటకంటె, తెగులును పూర్తిగా ఆపక మందగింపజేయు చిన్న చిన్న జన్యువులను నాలుగైదింటిని ఒకచోట చేర్చుట మేలు. అట్టి మొక్కపై బొబ్బలు కనబడును గాని అవి తక్కువగా, చిన్నవిగా, ఆలస్యముగా వచ్చును. పంట చేతికి వచ్చును. పూర్తిగా శుభ్రమైన ఆకును చూచి మురియుటకు అలవాటుపడిన కంటికి ఇది మొదట నచ్చకపోవచ్చును. కాని చరిత్ర దీని పక్షముననే యున్నది. 1916లో దక్షిణ డకోటాలో మెక్‌ఫాడెన్ అను విద్యార్థి యరోస్లావ్ అను ప్రాచీనజాతి గోధుమను సామాన్య గోధుమతో సంకరము చేసెను. దానినుండి పుట్టిన వంగడమునకు ఆశ అను అర్థము వచ్చునట్లు హోప్ అని పేరిడెను. అందలి ఎస్.ఆర్. 2 అను జన్యువు ఇట్టి మందగింపజేయునదే. నూరేండ్లు గడచినను అది నేటికిని పనిచేయుచున్నది.

తెగులుతో పోరు ఇట్లు సాగుచుండగా రెండవ పగవాడు బలపడెను. అది ఎండ. గోధుమ చలికాలపు పైరు. మైదానములలో ఫిబ్రవరి, మార్చి నెలలలో గింజ నిండును. ఆ కాలమున వేడిమి 30 డిగ్రీలు దాటినచో పైరు తొందరపడి, నింపవలసిన గింజను నింపకయే పండిపోవును. గింజలో పిండిపదార్థమును తయారుచేయు ఎంజైములలో ఒకటి వేడిమికి మిక్కిలి సుకుమారమైనది. అది చతికిలబడినచో ఆకులు ఆహారము పంపుచున్నను గింజ దానిని పిండిగా మార్చుకొనలేదు. పూతదశలోనే ఎండ తగిలినచో పుప్పొడి నిర్వీర్యమై గింజయే కట్టదు. 2022 మార్చి నెల, 1901లో లెక్కలు ప్రారంభమైన నాటినుండి భారతదేశమున అత్యంత వేడియైన మార్చి. ఆ యేడు 11 కోట్ల టన్నులకు పైగా గోధుమ పండునని వేసిన అంచనాను తగ్గించుకొనవలసివచ్చెను. మే 13వ తేదీన గోధుమ ఎగుమతిని ప్రభుత్వము నిషేధించెను.

తెగులునకు గుర్తింపదగిన రూపమున్నది, ఎండకు లేదు. ఎండను ఒంటిగా ఆపగల జన్యువు ఏదియు దొరకలేదు. కావున అనేక గుణములను వెదకవలసియున్నది. లోతుగా వేళ్లు దింపు మొక్క నీటిని పైకి లాగి ఆకులనుండి ఆవిరిచేయును; మట్టికూజా నీటిని చల్లబరచినట్లు ఆ ఆవిరి పైరును చల్లబరచును. పరిశోధకులు తాకకయే ఉష్ణోగ్రతను కొలుచు సాధనమును పైరుపైకి గురిపెట్టి, ప్రక్క మళ్లకంటె చల్లగా నున్న మడిని గుర్తింతురు. కొన్ని మొక్కలు ముందే చక్కెరను కాండమున దాచుకొని, ఆకులు వాడినప్పుడు దానిని గింజకు పంపును. కొన్ని చివరివరకు పచ్చగా నిలుచును. ఇట్టివానిని ఏరుటకు గోధుమను కావలయుననియే ఆలస్యముగా విత్తి, గింజ నిండు దశ ఎండలో పడునట్లు చేయుదురు. మరికొందరు ఎండకు ఎదురునిలుచుటకంటె దానికి ముందే పని ముగించుకొనుట తెలివియని తలంచి, అక్టోబరు మాసముననే విత్తినను అకాలమున పూయని వంగడములను తయారుచేయుచున్నారు.

ఈ రెండు పోరాటములు వేరువేరని తలంచుటకు వీలులేదు. ఎస్.ఆర్. 6 అను జన్యువు చల్లని వాతావరణమున నల్ల తెగులును చక్కగా ఆపును. వేడిమి 25 డిగ్రీలకు సమీపించినచో ఆ శక్తిని కోల్పోవును. చలిని కోరు పసుపు తెగులులో సైతము వెచ్చదనమును ఓర్చుకొను జాతులు 2000 తరువాత బయలుదేరినవి. కావున ఎండలో పరీక్షింపని తెగులునిరోధము నమ్మదగినది కాదు. తెగులులో పరీక్షింపని ఎండవంగడమును అట్టిదే.

సిమ్లాలోని ఫ్లవర్‌డేల్ అను చోట మెహతా నెలకొల్పిన కేంద్రమున దేశములోని కుంకుమ తెగులు జాతులను సజీవముగా భద్రపరచి, క్రొత్తగా వచ్చు ప్రతి గోధుమను వానిచేత పరీక్షింపజేయుచున్నారు. కర్నాలులోని గోధుమ పరిశోధనాసంస్థవారు కాలము కలసివచ్చుటకు మరియొక ఉపాయము పన్నిరి. మైదానమున ఏప్రిల్‌లో కోసిన గింజలను హిమాలయములలో లాహౌల్ ప్రాంతపు దలాంగ్ మైదాన్‌కు తీసికొనిపోయి, మంచు కరగినంతనే విత్తుదురు. అక్టోబరునకు ముందే అచ్చట కోత ముగించి, ఆ గింజలను క్రిందికి తెచ్చి నవంబరులో మరల మైదానమున విత్తుదురు. ఒకప్పుడు తెగులునకు వేసవి విడుదియైన కొండలు ఈ రీతిగా గోధుమకును విడుదియై, ఒక సంవత్సరమున రెండు తరములు గడచుచున్నవి.